నేల కింద కప్పలు

చెల్లెలు ఫోన్ చేయగానే సర్వేయరు ఆ రాత్రే పరుగున వచ్చాడు. కింది అంతస్తులో ఈ ఫ్లాటు ఆమె చేత కొనిపించింది అతనే. "రాయిలాంటి నేల, కళ్ళు మూసుకుని కొనుక్కోవే" అన్నాడప్పుడు.

లైటు ఆర్పి ఇద్దరూ నేలకు చెవులు ఆనించారు. టైల్స్ కింద కప్పలు అరుస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, చెరువెడు కప్పలు.

"వారం నుంచీ ఇంతే అన్నయ్యా. పిల్లలు గెంతినా, మీ బావగారు సుత్తితో కొట్టినా ఆగవు."

"పైపుల్లో గాలి అయ్యుంటుందిలే" అన్నాడతను.

అరుపులు టక్కున ఆగిపోయాయి.

అతను నేల మీంచి చెవి తీశాడు. మూడేళ్ళ కిందట ఇక్కడే, మోకాల్లోతు నీళ్ళలో నిలబడి, గట్టు మీది గుమాస్తాకు కేకేసి రాయించాడు: "మెట్ట నేల. నీటి జాడ లేదు." అప్పుడూ కప్పలు ఇలాగే నోరు మూసుకున్నాయి.

కాసేపటికి కింద ఒకటి మొదలుపెట్టింది. తర్వాత అన్నీ అందుకున్నాయి.

"అన్నయ్యా, ఇంకోసారి మాట్లాడు."

"ఏం మాట్లాడమంటావే?"

మళ్ళీ నిశ్శబ్దం.

చెల్లెలు చీకట్లో మెల్లగా లేచి కూర్చుంది. "నీ గొంతు వీటికెలా తెలుసు?"

జవాబు కోసం కింద అవి కూడా ఆగే ఉన్నాయి.