జేనలు పెట్టి కొలిచిన మనిషి

“చెయ్యి తియ్యండి. ఇది అమ్మకానికి పెట్టిన బండి కాదు.”

డ్రైవరమ్మ ఆ మాట అనేసరికి, ఆమె కారు ముందద్దం మీద జేనలు పెట్టి కొలుస్తున్న పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమెకి ఒళ్లు మండిందంటే మండదా మరి.

నిన్న సాయంత్రం కురిసిన వడగళ్లకు ఆ అద్దం సాలెగూడులా చిట్లిపోయింది. టాపూ బానెట్టూ సొట్టలు పడి, మశూచి వచ్చి తగ్గిన మొహంలా ఉన్నాయి. ఆ కారు తిరిగితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

పైగా రేపు పొద్దున్నే కొత్త పని మొదలు. ఆసుపత్రి నర్సుల్ని ఇళ్ల దగ్గర ఎక్కించుకుని తీసుకెళ్లాలి. కాళ్లరిగేలా తిరిగి సంపాదించుకున్న పని. రేపు బండి రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని ఆసుపత్రివాళ్లు మొహమాటం లేకుండా చెప్పేశారు.

మెకానిక్ షెడ్డు ముందు చూస్తే ఊళ్లో కార్లన్నీ అక్కడే ఉన్నాయా అన్నట్టుంది.

“కొత్త అద్దం రావాలంటే వారం పైనే పడుతుందక్కా,” అన్నాడు మెకానిక్. “నీ ఒక్కదానిదే కాదు, అందరిదీ ఇదే గోల.”

ఇన్సూరెన్సుతో అయితే పేచీ లేదు. సర్వేయర్ పొద్దున్నే వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. అద్దం వేయించుకోండి, సొట్టలు తర్వాత తీయించుకోండి, అన్నీ కంపెనీయే ఇస్తుంది అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. అత్తగారు ఊరుకోలేదు. నిన్ననే వడగళ్లు ఏరి ఫ్రిజ్‌లో దాచి, ఆ గిన్నె పట్టుకుని కోడలి వెంట వచ్చింది.

“ఇవిగో బాబూ, మా బండిని కొట్టినవి. రేపు మేం అబద్ధం చెప్పామనుకోకూడదు కదా.”

సర్వేయర్ గిన్నెలోకి తొంగి చూశాడు. సగం నీళ్లయిపోయాయి.

“మంచిదమ్మా. సాక్షుల్ని త్వరగా ఇంటికి తీసుకెళ్లండి, కరిగిపోతున్నారు.”

షెడ్డంతా నవ్వింది. డ్రైవరమ్మకి మాత్రం నవ్వు రాలేదు.

అదిగో, సరిగ్గా అప్పుడే ఈ పెద్దాయన షెడ్డు ముందు బల్ల మీద నుంచి లేచి వచ్చి కొలతలు మొదలుపెట్టాడు.

“ఏ ఏడాది బండమ్మా ఇది?”

“ఎందుకు?”

“ఊరికే. ఈ అద్దం మొదటి నుంచీ ఉన్నదేనా, మధ్యలో మార్చారా?”

ఆమెకి ఇక అనుమానం లేకపోయింది. వడగళ్లు పడ్డ మర్నాడు బేరగాళ్లు షెడ్ల చుట్టూ ఈగల్లా ముసురుకుంటారు. దెబ్బతిన్న కారుని చవగ్గా కొట్టేసి, రంగు వేయించి, రెట్టింపుకి అమ్ముకుంటారు. పొద్దుట్నుంచి అలాంటివాళ్లని ఇద్దరిని తరిమేసింది.

“అవతలివాళ్ల కొంప మునిగితే గానీ మీకు పూట గడవదా?”

అత్తగారు ఆమె మోచెయ్యి గిల్లింది. “పెద్దాయనే, కాస్త మెల్లగా.”

“మీరుండండత్తయ్యా. మెత్తగా ఉంటే బండి తోలుకుపోతారు.”

పెద్దాయనకి కోపం రాలేదు. “రేపు పొద్దున నర్సుల్ని తీసుకెళ్లాలట కదా?”

“మీకెవరు చెప్పారు?”

ఆయన చూపు అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు గిన్నెలో నీళ్లని శ్రద్ధగా చూసుకుంటోంది. ఆవిడ బల్ల మీద పక్కన ఎవరు కూర్చున్నా ఇంటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది.

“అవును, తీసుకెళ్లాలి,” అంది డ్రైవరమ్మ. “అయితే? అద్దం మీరు మోసుకొచ్చి ఇస్తారా?”

పెద్దాయన తల ఊపి, షెడ్డు లోపలికి వెళ్లి మెకానిక్‌తో ఏదో మాట్లాడాడు. తర్వాత సంచీ భుజాన వేసుకుని రోడ్డు మీదికి నడిచాడు.

“చూశారా అత్తయ్యా, ఇక్కడ పప్పులుడకవని తెలిసి ఎలా జారుకున్నాడో.”

“ఏమోనే, మనిషి చూస్తే అలా లేడు.”

“మీకు ఎవరూ అలా ఉండరు.”

కాసేపటికి మెకానిక్ కేకేశాడు. “అక్కా, బండి లోపల పెట్టు. అద్దం వేసేద్దాం.”

“ఇందాక లేదన్నావు?”

“ఇందాక లేదు, ఇప్పుడుంది. గమ్ము ఆరడానికి టైం కావాలి, ముందు బండి పెట్టు.”

ఇంకో ప్రశ్న వేస్తే మళ్లీ లేదంటాడేమోనని ఆమె నోరు కట్టేసుకుంది.

పొద్దు వాలేసరికి కొత్త అద్దం మిలమిలా మెరుస్తోంది. చుట్టూ సొట్టలు అలాగే ఉన్నాయి గానీ, లోపల కూర్చుంటే రోడ్డు చివరిదాకా కనిపిస్తోంది. రేపు తెల్లారేసరికి నర్సుల గుమ్మం ముందు ఉంటుంది బండి. అత్తగారు అప్పుడే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది, మొదటి బేరం తనదే అన్నట్టు.

డ్రైవరమ్మకి పొద్దుటి నుంచి బిగుసుకున్న గుండె వదులైంది. దాంతో నోరూ వదులైంది.

“తమ్ముడూ, ఆ బేరగాణ్ణి ఇంకోసారి షెడ్డులోకి రానివ్వకు.”

“ఏ బేరగాడక్కా?”

“అదే, జేనలు పెట్టి నా అద్దం కొలిచాడే, సంచీ ఆయన.”

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ షెడ్డు మూలకి చూశాడు. అక్కడ అచ్చం ఆమె కారులాంటి కారే ఇంకొకటి, ముందు వైపు ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఉంది.

“ఆయనా? తన కారు కోసం వచ్చిన అద్దం నీ బండికి సరిపోతుందో లేదో కొలుచుకుని, నీకే వేసెయ్యమని, వచ్చే వారం దాకా బస్సులో తిరుగుతాలే అని చెప్పి వెళ్లాడక్కా.”