కంపు కొట్టే నీళ్లు

చెరువులన్నిటినీ పచ్చ పాచి కమ్మేశాక, దాని విషానికి నీళ్లలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ముందు చచ్చాయి. ఆ నీళ్లు తాగిన మనుషులు తరవాత చచ్చారు. అప్పట్నుంచి వీధికొక ముక్కుమనిషిని పెట్టారు. సాయంత్రం చెరువు నీళ్లలో చచ్చిన చేపను వేసి, పొద్దున్నే వాసన చూడడం ఆ మనిషి పని. కంపు కొడితే నీళ్లు మంచివి. చేప తాజాగా ఉంటే విషం.

ఈ వీధి ముక్కుమనిషి పేరంటాలుకి ఇవాళ జలుబు. లోపలి గదిలో చేప వేసిన బిందె మీదికి ఎంత వంగినా ఏ వాసనా తెలియలేదు. ఆ మాట చెబితే పని పోతుంది.

"ఏమ్మా, కంపు కొడతందా లేదా?" బయట జనం గోలపెట్టారు.

"కొడతందండీ!"

మొదటి గ్లాసు ముక్కుమనిషి ఇంటివాళ్లే తాగి చూపించాలి. రోజూ పేరంటాలే తాగేది. ఇవాళ మాత్రం వీధికి పంచే అవే చెరువు నీళ్ల డ్రమ్ములో గ్లాసు ముంచి, వినయంగా అత్త అప్పాయమ్మ చేతికిచ్చింది.

"ముందు మీరు తాగండి అత్తయ్యా."

అప్పాయమ్మ మురిసిపోయింది. "పదేళ్లకి నా కోడలికి చిన్నంతరం పెద్దంతరం తెలిసొచ్చింది!" అని వీధంతా వినేలా చెప్పి, గటగటా తాగేసింది.

జనం బిందెలతో ముందుకు తోసుకొచ్చారు.

"ఆగండాగండి," అంది పేరంటాలు, ఖాళీ గ్లాసు అందుకుంటూ. "ఓ అరగంట చూసి పట్టుకుందురుగాని."