మెరూన్ టోపీ, నీలం కుర్చీ

వార్త వచ్చేసరికి మార్లీన్ చేతిలో పటకారు ఉంది, నిప్పుల మీద సాసేజీలు ఉన్నాయి.

"కొట్టేశారు. కేసు కొట్టేశారు," అంటూ కోల్బీ ఫోన్ పైకెత్తి కార్ల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చాడు.

వాళ్లిద్దరికీ ఈమధ్యనే పెళ్లయింది. ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఆట లేని శనివారం చూసి పెట్టుకున్న పెళ్లి. ఆట ఉన్న రోజున పెట్టుకుంటే బెల్మర్‌లో పెళ్లికొడుకు కూడా రాడు.

"గెలిచినవన్నీ మనవేనా?"

"అన్నీ మనవే. రేపు కార్‌విల్‌తో ఆట కూడా ఉంది."

మార్లీన్ పటకారు వదలకుండానే మొగుణ్ణి కౌగిలించుకుంది. అతని చొక్కా మీద నూనె మరక పడింది. ఇద్దరికీ ఆ మరక కూడా ముద్దుగానే ఉంది.

కాలేజీ స్టేడియం పక్కన మైదానమంతా నీలం గుడారాలు. ఆటకి ముందురోజే బళ్లు తెచ్చి, వెనక తలుపులు తీసి వంటలు మొదలెడతారు. కొన్నాళ్లుగా మాత్రం ఎవరికీ ముద్ద దిగడం లేదు. బెల్మర్ జట్టు నీలి కొంగల కోచ్ కుర్రాళ్ల చేత, రోజుకి ఇన్ని గంటలేనన్న నియమం దాటి, చీకటి పడేదాకా ప్రాక్టీసు చేయిస్తున్నాడని ఎవరో ఫిర్యాదు చేశారు. రుజువైతే ఈ ఏటి గెలుపులన్నీ రద్దు.

"ఇంతకీ మన మాట ఎలా నమ్మారట?" అన్నాడు మార్లీన్ బాబాయి వెర్నన్.

"కోచ్‌లు టైముకే వెళ్లిపోయేవారట బాబాయ్. కుర్రాళ్లే సొంతంగా ఉండిపోయి ఆడుకునేవారట. రోజూ చూసిన బయటి మనిషొకాయన వచ్చి సాక్ష్యం చెప్పాడట."

"ఎవరో గానీ, ఆ మహానుభావుడు చల్లగా ఉండాలి." వెర్నన్ బీరు సీసా పైకెత్తాడు. "ఆ మెరూన్ టోపీ ముసలాడి నోట్లో మన్ను పడింది."

మెరూన్ కార్‌విల్ వాళ్ల రంగు. ఆ టోపీ పెట్టుకుని ఒక పెద్దాయన సీజనంతా ప్రాక్టీసు మైదానం కంచె దగ్గర కూర్చునేవాడు. ఆట ఉన్న శనివారాలు ఉడకబెట్టిన పల్లీల గిన్నెతో వీళ్ల గుడారానికి వచ్చేవాడు.

మొదట్లో అందరూ సరదాగానే ఏడిపించారు.

గుడారం ముందు ఒక గడ్డిబొమ్మ ఉంటుంది. దాని చొక్కా మీద తొమ్మిదో నంబరు, కింద 'టాకెట్' అని పేరు. మార్లీన్ పుట్టకముందెప్పుడో, ఆఖరి క్షణంలో బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని, బెల్మర్ చేతిలో ఉన్న కప్పు లాక్కుపోయిన కార్‌విల్ ఆటగాడి పేరది. అప్పటినుంచీ ఆటకి ముందు ఆ బొమ్మని గింజల సంచులతో కొట్టందే ఇక్కడెవరూ స్టేడియంలోకి వెళ్లరు.

"మీరూ ఒకటి వేయండి పెద్దాయనా, పుణ్యం వస్తుంది," అని ఒకసారి వెర్నన్ సంచి అందించాడు.

పెద్దాయన విసిరాడు. సంచి బొమ్మ మీదుగా వెళ్లి పక్కవాళ్ల పులుసులో పడింది.

"చేత్తో నాకు ఇంతే వచ్చు," అని ఆయనా నవ్వాడు.

ఫిర్యాదు సంగతి బయటికి రాగానే నవ్వులు పోయాయి.

"కంచె పక్కన కూర్చుని చూసేది ఇంకెవడు?" అన్నాడు వెర్నన్.

ఆ శనివారం పెద్దాయన వచ్చి కూర్చోగానే, లేవమని చెప్పింది మార్లీనే. ఆయన కుర్చీ మడిచి చేతికిచ్చింది. పెళ్లికానుకంటూ ఆయన తెచ్చిన పల్లీల గిన్నె మూత కూడా తియ్యకుండా తిరిగి ఇచ్చేసింది.

"సరేనమ్మా," అని వెళ్లిపోయాడు.

ఒక్కటే ఆమెకి అంతు చిక్కలేదు. ఆ కుర్చీ నీలం రంగుది. కార్‌విల్ గూఢచారికి నీలం కుర్చీ ఎందుకు?

ఇప్పుడు ఆమె సాసేజీలు తిప్పుతుంటే జోనా వచ్చాడు. నీలి కొంగల జట్టులో బంతి తన్నే కుర్రాడు. స్నానం చేసిన జుట్టు ఇంకా ఆరలేదు.

"అక్కా, పల్లీల తాతగారు వచ్చారేమో అని చూస్తున్నా."

"ఆయనతో నీకేం పని?"

"థాంక్స్ చెప్పాలి. సాక్ష్యం చెప్పింది ఆయనే కదా."

సాసేజీలు మాడుతున్నాయి. ఎవరూ తిప్పలేదు.

"కార్‌విల్ వాడు మన తరఫున చెప్పడమేంట్రా?" అన్నాడు వెర్నన్.

"అందుకే నమ్మారు. మేం చెబితే తప్పించుకోడానికంటారు. మీరు చెబితే అభిమానమంటారు. ఆయనకేం లాభం? విచారణకి కూడా ఆ టోపీతోనే వెళ్లారట."

"మరి మన కంచె దగ్గర ఆయనకేం పని?" మార్లీన్ అడిగింది.

"వాళ్లావిడది ఈ ఊరేనక్కా. ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని మన ప్రాక్టీసు చూసేదట. ఆ కుర్చీ ఆవిడదే. కిందటేడు పోయారు. ఈ సీజను ఆవిడ బదులు తనే చూస్తానని మాటిచ్చారట."

మార్లీన్ ఆ కుర్చీ మడిచిన తన చేతులు చూసుకుంది.

"ఇల్లెక్కడ?"

"ఇల్లు ఖాళీ చేసి కార్‌విల్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారని ఇప్పుడే తెలిసింది. అయినా వచ్చారేమోనని..."

"ఆయన పేరేంటి?"

సీజనంతా ఆయన పల్లీలు తిన్నారు. పేరు మాత్రం ఒక్కరూ అడగలేదు.

జోనా చేయెత్తి గుడారం ముందున్న గడ్డిబొమ్మని చూపించాడు.

వెర్నన్ సీసా కింద పెట్టాడు.

మార్లీన్ వెళ్లి గడ్డిబొమ్మని కొయ్య మీంచి దించింది. తొమ్మిదో నంబరు చొక్కా విప్పి, దుమ్ము దులిపి, పెళ్లిగౌను మడిచినంత జాగ్రత్తగా మడిచింది.

"కోల్బీ, రేపు తెల్లారగానే కార్‌విల్ వెళ్దాం," అంది. "ఆట మొదలయ్యేలోపు టాకెట్ గారిని బతిమాలి తీసుకొద్దాం."