రేపు రండి, అయిపోతుంది

"కాలర్ అరిగింది. తిప్పి కుట్టాలి. రేపటికి కావాలి," అన్నాడు గుమాస్తా.

టైలర్ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఇంట్లో సూదీ దారం పట్టేవాళ్ళు లేరా బాబూ?"

"లేరు. విడాకులు. చాలా?"

"చాలు. రేపు రండి, అయిపోతుంది."

గుమాస్తాది మరణాల లెక్కలు రాసే ఆఫీసు. వయసు, కారణం, పెళ్ళయిందా, కాలేదా, విడిపోయారా... గళ్ళలో టిక్కులు పెట్టడమే ఉద్యోగం. తమంతట తామే ప్రాణం తీసుకున్నవాళ్ళ కాగితాల్లో ఏ గడిలో టిక్కులు ఎక్కువ పడతాయో అతనికి పన్నెండేళ్ళుగా తెలుసు. పోయిన నెల తనూ వచ్చి ఆ గడిలోనే పడ్డాడు.

ఆ చొక్కా తొడుక్కుని చెయ్యాల్సిన పని ఒక్కటే మిగిలింది. దానికి ముందు రాయాల్సిన ఉత్తరం కూడా రాసేశాడు. తీరా చూస్తే అది కనిపించలేదు. మళ్ళీ రాసుకోవచ్చులే అనుకున్నాడు. చొక్కా మాత్రం అదే కావాలి. కనీసం ఆ రోజైనా మనిషిలా కనబడాలని మహా పట్టుదల!

మర్నాడు వెళ్ళాడు.

"అయ్యో, దారం రంగు కుదర్లేదు. రేపు రండి. వచ్చారు కదా, ఈ సూదిలో దారం ఎక్కించి పెడుదురూ. నాకు కళ్ళు ఆనట్లేదు."

ఆ మర్నాడూ అంతే. మిషను మొరాయించిందిట. మళ్ళీ సూది, మళ్ళీ దారం.

వారం తిరిగేసరికి గుమాస్తాకి ఒళ్ళు మండిపోయింది. కోపం వచ్చి ఎన్నాళ్ళయిందో! రాత్రి పడుకున్నా టైలర్ని ఏమని దులపాలా అన్నదే ధ్యాస. పొద్దున్నే గడ్డం గీసుకుని మరీ పోట్లాటకి బయల్దేరేవాడు.

ఇరవై మూడో రోజు, పొద్దున ఇచ్చిన పిల్లల గౌనుని సాయంత్రానికల్లా టైలర్ ఒక మొగుడూపెళ్ళాల చేతిలో పెట్టడం కళ్ళారా చూశాడు.

"పెళ్ళాం పక్కనుంటే పూటలో, ఒంటిగాడికి ఇరవై మూడు రోజులా?" అని అరిచాడు. "అడిగే దిక్కు లేదనేగా అలుసు! నా చొక్కా అమ్ముకున్నావా, దొంగా?"

జనం పోగయ్యారు. టైలర్ తల వంచుకున్నాడు.

"రేపు రండి బాబూ," అన్నాడు మెల్లిగా.

గుమాస్తా తిన్నగా ఆ షాపు అద్దెకిచ్చిన యజమాని దగ్గరికి వెళ్ళాడు. ఉన్నవీ లేనివీ కల్పించి చెప్పాడు.

రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే షాపుకి తాళం. పక్కనే బొత్తాలమ్మే ఆవిడ పిలిచి, ఇస్త్రీ చేసిన చొక్కా చేతికిచ్చింది.

"ఖాళీ చెయ్యమన్నారుట. మిషను ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఇది మీకిమ్మన్నాడు."

"ఎక్కడికి?"

"చెప్పలేదు నాయనా."

"ఇప్పటికి కుట్టాడన్నమాట," అన్నాడు వెటకారంగా.

"ఇప్పుడా? మీరిచ్చిన రోజే కుట్టేశాడు. మీరొచ్చే వేళకి బల్లకింద దాచేవాడు. మీరు అరగంట ఆలస్యమైతే, షాపు నామీద వదిలేసి మీ సందు మొగదాకా పోయి చూసొచ్చేవాడు."

"ఎందుకు?"

"ఎన్నిసార్లడిగినా చెప్తేగా!"

చొక్కా జేబులో ఏదో గరగరలాడింది. తీశాడు. మడత పెట్టిన కాగితం. తన దస్తూరీయే.

ఆ ఉత్తరం సంగతి గుర్తొచ్చి ఎన్ని రోజులైందో అతనికే తెలీదు. చొక్కా విప్పి ఇచ్చిన రోజు జేబులోనే ఉండిపోయిందన్నమాట. మొహం భగ్గుమంది. ఆవిడ వైపు చూడలేకపోయాడు.

"ఆయన... నన్ను ఏమైనా అన్నాడా?"

"సూదిలో దారం బాగా ఎక్కిస్తాడన్నాడు."

కాగితం వెనక్కి తిప్పాడు. తను ఆ షాపు మెట్లెక్కిన ఒక్కో రోజుకీ పెన్సిల్‌తో ఒక్కో టిక్కు, పక్కనే తేదీ, మొత్తం ఇరవై మూడు ఉన్నాయి. అన్నిటికన్నా చివరిది, నలుగురిలో టైలర్ని దొంగా అని అరిచిన రోజుది.