పెట్టె లోపలి పేర్లు

శంషాబాద్‌లో ఘియాసుద్దీన్ స్పీకర్ల రిపేరు దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపల భార్గవ్ తెచ్చిన పాత జత పాడుతోంది. పుస్తకాల అరలో ఇమిడే చిన్న టేకు పెట్టెలు. వాటి మీద కంపెనీ పేరు లేదు, దేశం లేదు. పైన విమానం దిగుతున్నా, పాడే మనిషి ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతోంది.

"ముప్పై ఏండ్ల సంది గీ పనిలో ఉన్న సార్. గిసొంటి గొంతు ఎన్నడు వినలే."

"ఎవరు చేశారో తెలుస్తుందాండీ?"

"పెట్టె విప్పినోళ్లు లోపల పేరు, తారీఖు రాసి మూస్తరు. జర చూద్దాం."

ఘియాసుద్దీన్ పాట ఆపాడు. దుకాణమంతా నిశ్శబ్దమైంది. మరలు తీసి, వెనక పలక విప్పి, టార్చి వేశాడు.

లోపల పెన్సిల్ రాతలున్నాయి. పైన తెలియని లిపిలో రెండు పేర్లు. వాటి కింద ఉర్దూలో, చనిపోయిన అతని తండ్రి పేరు. ఆ కింద తన పేరు, తన చేతిరాతలోనే. తారీఖు ఈ రోజుది.

పెన్సిల్ ఇంకా అతని చెవి మీదే ఉంది.

"ఏమైందండీ?" అన్నాడు భార్గవ్.

ఘియాసుద్దీన్ టార్చిని ఇంకా దగ్గరికి తెచ్చాడు. తన పేరు కింద, చెయ్యి తిరిగిన అక్షరాలతో మరో పేరుంది. నూరీన్.

నూరీన్ అతని కూతురు. నాలుగేళ్ల పిల్ల. ఇంకా ఉర్దూ మొదటి అక్షరం అలిఫ్ దిద్దడమే రాదు.