పూసినాక రమ్మంది

అబిగయీలు కోడిపిల్లను మూసినట్టు ఒక కుండీని గంప కింద మూసి పెట్టింది.

ఆదివారం పొద్దున రొయ్యల గుంట నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుందామని దొడ్లోకి వెళ్లిన హెన్రీ కంట అది పడింది. గంప సందుల్లోంచి ఆకులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఏంది మే ఇది?"

ఆమె దాచలేదు. దాచే ఓపిక కూడా లేదు.

"విషం మొక్క. ఏసుమణక్క ఇచ్చింది. నాకే."

ఏసుమణి అంటే వీధి చివర అద్దెకుండే అరవామె. వచ్చి రెండేళ్లయినా ఊరికి ఇంకా కొత్తే. ఇంటి చుట్టూ ఉమ్మెత్త, చిత్రమూలం, అడవినాభి లాంటి విషపు మొక్కలు పెంచేది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని, నాభి దుంపల్ని మొలక చూసి ముక్కలు కోసి ఇసుకలో పాతేది. కాసిన గింజల్ని ఎండబెట్టి నాయుడుపేట మందుల వ్యాపారికి పంపేది. ఆమె ఇంట్లో మంచినీళ్లు కూడా ఎవరూ ముట్టేవాళ్లు కాదు.

"ఎప్పుడిచ్చింది?"

"మూణ్ణెల్లయింది. నేనే పోయి అడిగినా. పూత రాందే దీనికి బలముండదంట. దినామూ నీళ్లు పొయ్యి, వేరు కదపబాక, పూసినాక రా, ఎట్ట తినాల్నో చెప్తా అనింది."

ఎందుకు మే నీకు విషం? మొగుడనేవాడు అప్పుడు అడగాల్సింది ఆ ఒక్క మాట. హెన్రీ అడగలేదు. పుట్టిన తొమ్మిదో నాడే పోయిన బిడ్డ గురించి ఆ ఇంట్లో నాలుగు నెలలుగా ఎవరూ నోరెత్తలేదు. ఆమె ఏడుస్తుందని అతను ఎత్తలేదు. అతను ఏడవనివ్వడని ఆమె ఎత్తలేదు.

కుండీని గోడకేసి కొట్టాడు. మొక్కను పెంటకుప్ప మీదికి విసిరి, గడ్డపార తీసుకుని బయల్దేరాడు.

వెనకాల సగం ఊరు కదిలింది. ఒకడైతే సెల్లు పైకెత్తి పట్టుకుని మరీ వచ్చాడు.

"ఆడదానివేనా నువ్వు? పచ్చి బాలింతకు విషమిస్తావా?"

కంచె కూలుతున్నా ఏసుమణి అడ్డు రాలేదు.

"తోటంతా పీకేసుకో హెన్రీ అన్నా. ఆ పిల్ల కుండీ మాత్రం ముట్టుకోబాక."

"దాన్ని పగలగొట్టే వచ్చినా!"

ఆమె ముందుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"అయ్యో దేవుడా! అయితే ముందు ఇంటికి పో అన్నా. ఆ పిల్లని ఒంటరిగా వదలబాక. నన్ను తర్వాత కొడుదువులే."

"ఇచ్చేది విషం, చెప్పేది బుద్ధులా?"

ఆమె ఏదో చెప్పబోయింది. కంచె అవతల నిలబడ్డ ఆడవాళ్లకేసి చూసింది. వాళ్లలో పక్కింటి సాయిలక్ష్మి తల దించుకుంది. ఏసుమణి నోరు మూసుకుంది.

మధ్యాహ్నానికల్లా ఆమెను, ఆమె ట్రంకు పెట్టెను ఆటో ఎక్కించేశారు. ఒక్కసారి హెన్రీ వాళ్ల గుమ్మం ముందు ఆపమని బతిమాలింది. ఎవరాపుతారు?

"పీడ విరగడైపోయింది" అన్నాడు హెన్రీ ఇంటికొచ్చి.

అబిగయీలు ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇంక పూయదా?"

"పూసేదానికి ఏముండాది? పెంటలో పారేసినా గదా!"

నాలుగో నాడు అబిగయీలు కాలవలో దొరికింది.

విషం బారినుంచి కాపాడుకున్నాననుకున్న మనిషి నీళ్లపాలైంది. హెన్రీ గుంటకు పోవడం మానేశాడు. గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే, "అంతా ఆ అరవది చేసింది" అనేవాడు. అదొక్కటే అతనికి మిగిలిన ఊతం.

వానలు పడ్డాక పెంటకుప్ప మీద అవే ఆకులు మళ్లీ లేచాయి. పళ్లు కొరుకుతూ హెన్రీ పార తెచ్చి పొడిచాడు. దుంప రెండు ముక్కలైంది.

అటుగా వచ్చిన ఎదురింటి కామాక్షమ్మ ముక్కు ఎగబీల్చింది.

"పచ్చి మామిడికాయ వాసనొస్తుండాదే! ఏదీ, ఇటియ్యి."

"ముట్టుకోబాక పెద్దమ్మా! విషం!"

ఆమె అప్పటికే ముక్కను తుడిచి కొరికింది.

"విషమేంది నీ మొహం! మామిడల్లం నాయనా ఇది. మా పుట్టింట్లో పెరుగన్నంలో నంజుకుంటాం."

హెన్రీ మిగిలిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పచ్చి మామిడికాయ వాసనే. అతనూ ఒక కొస కొరికి చూశాడు.

గోడ అవతల ఎవరో వెక్కుతున్నారు. సాయిలక్ష్మి.

"నాకూ ఇచ్చిందన్నా... పోయినేడు. నేనూ విషమే అడిగినా. పూసినాక రమ్మనింది."

"పూసిందా?" అడిగాడు హెన్రీ.

"పూసిందన్నా. నేనే పోయేది మర్చిపోయినా."