పక్క సీటు

భూపాలపల్లి షోరూంలో తిరుపతి కొత్త బగ్గీ స్టీరింగ్ దిక్కు చూడనే లేదు. పక్క సీటు బెల్టునే లాగి లాగి చూస్తున్నాడు. వాగుల వెంట, గుట్టల మీద సరదాగా తిరిగే రెండు సీట్ల బండి అది. ఆ సీట్లో అతని భార్య స్వరూప కూర్చుని ఉంది.

"ఇంజన్ చూడు సార్, మస్తు పికప్," అన్నాడు సేల్స్‌మన్.

"బెల్టు ఊడొస్తదా?"

"ఊడదు సార్."

తిరుపతి మళ్లీ లాగాడు.

"ఏందయ్యా, గదే చూస్తున్నవ్?" అంది స్వరూప. "మా తమ్ముడు ప్రశాంత్ నీ మాట ఇనక, బెల్టు పెట్టుకోకనే పాయె. నేను పెట్టుకుంట గద."

తిరుపతి చెయ్యి ఆగింది. నిరుడు వాగులో జీపు బోల్తా పడి ప్రశాంత్ చనిపోయినప్పుడు నడిపింది తిరుపతే.

"వాడు పెట్టుకుంటనన్నడు స్వరూపా. బెల్టే తెగి ఉండె. 'వాగు దాకనే గద, ఏం కాదు' అని నేనే కూసోబెట్టిన. ఇన్నొద్దులు నీకు అబద్ధం చెప్పిన."

స్వరూప అతని చేతిలోంచి బెల్టు లాగేసుకుంది.

"వాడేమన్నడు?"

"నవ్విండు. 'నువ్వున్నవ్ గద బావా' అన్నడు."

స్వరూప బండి దిగింది. చుట్టూ తిరిగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది.

"నడుపుడు నేను నేర్చుకుంట," అంది. "నువ్వు గా పక్క సీట్ల కూసో."